బాయిల నీళ్ల స్కూటర్

ముప్కాల్,
సోమవారం.

జలక్రీడల అనుమతుల ఆఫీసు మేడం సంధ్యారాణి గారికి, పసుపు రైతు దేవన్న దండం పెట్టి రాసేది.

ఫోన్ చేస్తే కాగితం మీద రాసి పంపుమన్నరు, అందుకే రాస్తున్న. ఈసారి ఆర్మూర్‌ల పసుపు అమ్మినంక ఒక నీళ్ల స్కూటర్ కొన్న. సెకండ్ హ్యాండే గాని మస్తు ఉషారు బండి. పోచంపాడు డ్యాం వెనక నీళ్లల్ల ఆదివారాలు జనాన్ని ఎక్కించుకొని తిప్పుదామని మా ఆలోచన. మీరు పర్మిషన్ ఇయ్యాలె.

నడిపేది నేను కాదు, మా అల్లుడు గణేష్. దుబాయిల సముద్రం ఒడ్డున ఏండ్ల సంది గిదే పని చేసిండు. ఇప్పుడు సెలవు మీద వచ్చిండు, మళ్ల పోవాలె. ఇక్కడ పని దొరికితే పోడు. మా మనుమరాలు వాళ్ల బాపును ఫోన్ల తప్ప చూడలే. మొన్న ఆయన ఇంట్లకు వస్తుంటే "గీయన ఎవరు?" అని మా బిడ్డ అంకితను అడిగింది. గా మాట విన్నకాంచి నాకు బువ్వ సయిస్తలేదు మేడం. మీ సంతకం పడితే పిలగాడు ఇంటికాడ ఉంటడు.

బండికి పూజ కూడా అయింది. చక్రాలు లేవాయె, నిమ్మకాయలు దేని కింద పెట్టాల్నో అయ్యగారికే తెల్వలే. ఆఖరికి ముక్కు కింద పెట్టినం.

ఇట్లు,
మీ మీద ఆశ పెట్టుకున్న దేవన్న.

తా.క.: ట్రాక్టర్ మీద రాయించినట్టే దీని ఎనక "హారన్ కొట్టు, దారి ఇస్త" అని రాయించిన. నీళ్ల మీద హారన్ ఎవరు కొడ్తరని మా ఆమె వెంకవ్వ అడిగింది. గది నేను సోంచాయించలే.

---

శ్రీ దేవన్న గారికి నమస్కారం.

మీ దరఖాస్తు అందింది. మా తనిఖీ పూర్తయి అనుమతి వచ్చేవరకు వాహనాన్ని జలాశయంలో దించకూడదు. ఈలోగా మీరు సిద్ధం చేసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వాహనానికి రెండు పక్కలా రిజిస్ట్రేషన్ నంబరు దూరానికి కనపడేలా ఉండాలి, వేరే రాతలు వద్దు. ఎక్కిన ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. ఇంజను ఆపే తాడును మణికట్టుకు కట్టుకోవాలి. మనిషి నీళ్లలో పడితే ఆ తాడు ఊడివచ్చి ఇంజను దానంతట అదే ఆగిపోతుంది. ఒడ్డుకు, వలలకు, స్నానాలు చేసేవారికి దగ్గరలో మెల్లగా నడపాలి. పొద్దు గూకాక నడపరాదు. తాగి నడపరాదు, తాగినవారిని ఎక్కించుకోరాదు.

ఇట్లు,
సంధ్యారాణి,
అనుమతుల అధికారి.

---

ముప్కాల్,
శుక్రవారం.

మేడం గారికి దేవన్న దండాలు.

మీ మాట మీరలే. జలాశయంల దించొద్దన్నరు, దించలే. మా పొలం కాడి బాయిల దించినం.

పెద్ద బాయి మేడం, మా తాత తవ్విచ్చింది. మోటర్లు తీసే క్రేన్ తెచ్చి సక్కగ దించినం. అల్లుడు "వద్దు మామా" అన్నడు గాని నేనే ఇనలే. పూజల ఏసిన బంతిపూల దండ తీయుడు మర్సినం. బండి నీళ్లు గుంజుకునే కాడ దండ కూడా లోపలికి పోయింది. అల్లుడు ముందుగాల ఇంజన్ బంద్ చేసి, గప్పుడు చెయ్యి పెట్టి తీసిండు. పనిమంతుడు అనేటందుకు రాస్తున్న.

తాడు సంగతి కూడా చూసినం. మా ఇంట్ల ఎవరినన్న ఆపేది వెంకవ్వనే గాబట్టి, ఆమెను ఎనక కూసోబెట్టి తాడు ఆమె చేతికి కట్టినం. ఎప్పుడు భయమైతే అప్పుడు గుంజింది. బండి నడిసిన దానికంటే ఆగిందే ఎక్కువ. లైఫ్ జాకెట్లు ఆర్మూర్‌ల దర్జీ కుడుతున్నడు, కొత్త గోనె సంచుల థర్మాకోల్ నింపి.

ఇట్లు,
చెప్పింది చెప్పినట్టు చేసే దేవన్న.

తా.క.: ఒడ్డుకు దగ్గర మెల్లగ నడపాలె అన్నరు. బాయిల ఎటు చూసినా ఒడ్డే గదా! గట్టు మీద నడుసుకుంట పోతున్న పక్క పొలం నీలవ్వ మమ్మల్ని దాటిపోయింది.

---

దేవన్న గారికి,

మీ ఉత్తరం చదివిన వెంటనే ఇది రాస్తున్నాను. వాహనాన్ని వెంటనే బావిలోంచి తీయించండి. బావిలో ఇంజను పొగ పైకి పోదు, ఊపిరాడక మనుషులు పడిపోతారు. గోడకు కొట్టుకున్నా దిక్కుండదు. తాడు ఉండాల్సింది నడిపేవారి చేతికి, భార్య చేతికి కాదు. గోనె సంచుల జాకెట్లు నీళ్లు పీల్చుకుని మనిషిని ముంచుతాయి. ధ్రువీకరించిన జాకెట్లే కొనండి.

వచ్చే బుధవారం తనిఖీకి వస్తున్నాను. నడిపే వ్యక్తి జాకెట్ లేకుండా ఈదగలడని నాకు చూపించాలి.

సంధ్యారాణి.

తా.క.: నీలవ్వ గారిని కూడా ఆ గట్టు మీద నడవవద్దని చెప్పండి.

---

ముప్కాల్,
గురువారం.

మేడం గారికి,

బండిని బాయిలకెళ్లి తీసి పోచంపాడు తెస్తే, నిన్న మీరు మీ కండ్లతోనే చూసిండ్రు. నంబరు బాగుందన్నరు, జాకెట్లు బాగున్నయన్నరు, అల్లుడు నడిపితే శెభాష్ అన్నరు. ఆఖరికి జాకెట్ ఇప్పి ఈదుమనంగనే పిలగాడు మోకాలు లోతు నీళ్లల్ల నిలబడి కదల్లేదు. సముద్రం కాడ గన్నేండ్లు చేసినోనికి ఈత రాదని మాకేం తెల్సు? ఒంటి మీద జాకెట్ ఎప్పుడూ ఉండేదట, అవసరం పడలేదట. ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. టికెట్ తేదీ దగ్గరికొచ్చింది మేడం. మా వెంకవ్వకు చేప లెక్క ఈత వస్తది. ఇంట్ల ఒక్కరికి వస్తే సాలదా? జర చూసీ చూడనట్టు రాయిండ్రి, మీ కాళ్లు మొక్కుత.

దేవన్న.

---

దేవన్న గారికి,

ఇంట్లో ఒకరికి ఈత వస్తే అందరికీ వచ్చినట్టు కాదండీ. అనుమతి ఇవ్వలేను. గణేష్ గారు ఈత నేర్చుకుంటే మళ్లీ పరీక్ష పెడతాను. అందుకు గడువేమీ లేదు.

సంధ్యారాణి.

తా.క.: మీ మనుమరాలి మాట చదివినప్పుడే సంతకం పెట్టేయాలనిపించింది. కాని నీళ్లలో పడ్డవాళ్లను బయటికి తీయాల్సింది నడిపే మనిషే. అతనే మునిగిపోతే ఆ పాపకు నేనేం చెప్పను?

---

ముప్కాల్,
ఆదివారం.

మేడం గారికి,

మా దరఖాస్తు వాపస్ తీసుకుంటున్న. అల్లుడు పోయిండు. ఆర్మూర్ బస్టాండ్ల హైదరాబాద్ బస్సు నేనే ఎక్కించిన. బస్సు కదిలినంక కండ్లల్ల నీళ్లు ఆగలే. బండి మీద పసుపు ఆరబోసే టార్పాలిన్ కప్పిన, గా దిక్కు చూడబుద్ధైతలేదు. మీ తప్పేం లేదు, మీరు మంచి చెప్పిండ్రు.

వెంకవ్వే గుండె గట్టి చేసుకున్నది. మోకాళ్లకు మందని బిడ్డను, మనుమరాలిని ఎంట ఏసుకొని దినాం జక్రాన్‌పల్లిల వాళ్ల తమ్ముని ఇంటికి పోతది, నవ్వుకుంట వస్తది. మోకాళ్లకు మందు తాగితే గొంతెందుకు బొంగురుపోయిందో నాకు సమజైతలేదు.

దేవన్న.

తా.క.: అల్లుడు ఫోన్ చేస్తడు, ముఖం సూపియ్యడు. మాట్లాడుతుంటే ఎనక కోళ్లు కూస్తయి. దుబాయిల కూడా కోళ్లను సాదుతరట.

---

జక్రాన్‌పల్లి,
మంగళవారం.

సంధ్యారాణి మేడం గారికి, దేవన్న భార్య వెంకవ్వ చెప్పంగ బిడ్డ అంకిత రాసేది.

మేడం, మా అల్లుడు దుబాయి పోలే. ఆర్మూర్‌ల బస్సు ఎక్కిండు, జక్రాన్‌పల్లిల దిగిండు. మా తమ్మునింట్ల ఉన్నడు. దిగుమన్నది నేనే. పోయే ముందటి దినం నా దగ్గర కూసోని, "అత్తమ్మా, నాకు నీళ్లంటే భయం. గక్కడ దినాం భయపడుకుంటనే బతికిన. గాని బిడ్డ నన్ను ఎవరని అడిగినప్పుడు అయిన భయం ఎన్నడూ కాలే" అని ఏడ్సిండు. గట్ల ఏడ్సినోన్ని ఎట్ల పంపుత?

మా తమ్ముని బాయికి మంచి మెట్లున్నయి. అల్లుని నడుముకు నీళ్ల మీద తేలే మునగబెండ్లు కట్టి, ఇంకో తాడు కట్టి, గట్టు మీద నిలబడి నేను నేర్పిస్తున్న. అత్త ముంగట అంగి ఎట్ల ఇప్పాలె అని సిగ్గుపడి అంగి మీదనే దిగిండు. గిదే సిగ్గుల కొన్ని దినాలు పోయినయి. ఆఖరికి నేను గట్టు మీద అటు దిక్కు తిరిగి కూసోని, తాడు గుంజుడును బట్టి తెల్సుకొని ఒర్లుడు షురు చేసిన. "కాళ్లు కొట్టు! కాళ్లు!" అని ఊరంత ఇనబడేటట్టు. గొంతు గందుకే పోయింది.

మా ఆయనకు చెప్పలే. చెప్తే మీకు ఉత్తరం రాస్తడు. ఆయన కడుపుల ఏది దాగదు.

నిన్న బెండ్లు తీసేసిన. నేను అటు దిక్కే కూసున్న. తాడు ఎంతసేపటికీ గుంజుతలేదు. పాణం పోయినంత పనయి ఎనక్కి తిరిగిన. ఏముంది, తాడు ఇప్పి మెట్టు మీద పెట్టి ఆ ఒడ్డుకు ఈదిపోయిండు. పైన మనుమరాలు చప్పట్లు కొట్టి "బాపూ, మళ్ల!" అంటే మళ్ల ఈదిండు. అది అనుకుంటనే ఉన్నది, పిలగాడు పొద్దంత ఈదిండు మేడం.

మళ్ల పరీక్షకు ఎప్పుడస్తరో చెప్పుండ్రి. జవాబు ముప్కాల్‌కు రాయకుండ్రి, గీ అడ్రసుకే రాయిండ్రి.

మీకు దండం పెట్టే వెంకవ్వ.

తా.క.: పాస్ చేస్తే మంచిదే. ఫెయిల్ చేసినా మేము మాత్రం ఇగ పిలగాన్ని ఎక్కడికీ పంపం. గది మీ కాగితంల రాసుకోండ్రి.