మరీ గుండ్రటి అల

ఫిబ్రవరి 8, 1999. బుడాపెస్ట్

బర్నబాష్ బాచి కన్ను సంగతి ఇవాళ తేలిపోయింది. కుడి కన్ను కుర్రతనంలోనే పోయింది. ఉన్న ఒక్క ఎడమ కంటిలో సరిగ్గా నడిమధ్య మచ్చ. చూపు వేసవి దాకా ఆగితే గొప్పే అందట డాక్టరమ్మ. ఆయనకి డెబ్బై నాలుగు. ల్యాబులో అందరం ఆయన్ని బాచి అంటాం, బాబాయ్ అన్నట్టు. నాకు పని నేర్పింది ఆయనే.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య విల్మా నేని, నేని అంటే పిన్ని, గసగసాలు పెట్టి చుట్టిన తీపి రొట్టె కోసి ప్లేటులో పెట్టింది. ఆయన అంచున ఉన్న ముక్కలన్నీ తిన్నారు. మధ్య ముక్క వదిలేశారేం అని ఆవిడ అడిగితే, ఏ ముక్క, అన్నారు. వెంటనే సర్దుకుని, అది ఎమెషె కోసం ఉంచాలే, అని ప్లేటు నా వైపు జరిపారు. తిన్నాను.

ఫిబ్రవరి 11

ఆయన అడిగేది ఒక్కటే. చూపు పోయేలోగా చిప్ మీద అల పరుగెత్తడం చూడాలి.

చిప్‌లో నాలుగు వేల పైచిలుకు గళ్ళు. పెత్తనం చేసేవాడు ఎవడూ లేడు. ప్రతి గడీ తన చుట్టూ ఉన్న ఎనిమిదింటి మాటే వింటుంది. ఒకదాన్ని నల్లగా చేస్తే పక్కవి నల్లబడతాయి, ఆపైన వాటి పక్కవి. అదే అల. రెప్ప వేసే లోపల వేల బొమ్మలు చూసి తేల్చేసే కన్ను తయారుచేస్తున్నాం మేము. గళ్ళకి ఏం చేయాలో చెప్పేది పందొమ్మిది అంకెలు. ఈ అల అంకెలు బాచి ఒక ట్రామ్ టికెట్ వెనక రాశారు, నా కళ్ళముందే. మా ల్యాబులోనే పనిచేసే గెల్లేర్ట్ కంప్యూటర్‌తో వారం రోజులు కుస్తీ పట్టి అవే అంకెలు తేల్చాడు. ముసలాయన బుర్రకి ప్లగ్ ఎక్కడుందో వెతకాలి అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆయన ఆ అలని కాగితం మీదే చూశారు.

మార్చి 3

చిప్ ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదు.

మార్చి 24

రాలేదు. బాచి రోజూ ఫోన్ చేస్తున్నారు. చిప్ ఊసు ఎత్తరు. వాన పడుతోందా అని అడుగుతారు. ఆయన కిటికీ ఆయనకి లేనట్టు.

ఏప్రిల్ 14

వచ్చింది. పెళ్ళికూతురు దిగింది అంటూ గెల్లేర్ట్ పెట్టె తెరిచాడు. కరెంట్ ఇచ్చాం. తెరంతా నలుపు. ఏ అంకెలు పెట్టినా నలుపే. మధ్యాహ్నానికి గెల్లేర్ట్ కూడా జోకులు మానేశాడు. ఫ్యాక్టరీలోనే ఏదో తప్పు జరిగిందట. కొత్తది అక్టోబరులో.

అక్టోబరు. టాయిలెట్‌లో కూర్చుని ఏడ్చాను. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, సిగ్గు లేకుండా ఏడ్చాను.

మే 6

చేశాను. రాసుకోకపోతే ఊపిరాడదు.

చిప్ బాగైందని ఫోన్‌లో చెప్పాను. విల్మా నేని చేయి పట్టుకుని ఆయన్ని తీసుకొచ్చింది. ఇస్త్రీ చొక్కా, టై. తెర మీద వేసింది చిప్‌ది కాదు. సిమ్యులేటర్ నడిపి దాచిన బొమ్మలు. నా కంప్యూటర్‌లో లెక్క కట్టిన అల. చిప్‌ది మైక్రోసెకన్లలో అయిపోతుంది కాబట్టి దాన్నైనా ఇలా ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌గానే చూపించాలి. తేడా తెలియదనుకున్నాను.

ఆయన ముఖం పక్కకి తిప్పి, కంటి చివర నుంచి చూశారు. తర్వాత తిన్నగా తెర వైపు తిరిగారు. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేశాను. బాగుంది తల్లీ, అన్నారు. అంతే.

విల్మా నేని కారిడార్‌లో నన్ను కావలించుకుంది. నలభై ఏళ్ళుగా ఆయన ఏం చేస్తున్నారో నాకు ఇవాళే తెలిసింది, చల్లగా ఉండు, అంది. గెల్లేర్ట్ నా ముఖం చూడలేదు.

మే 7

ఛీ.

జులై 2

బాచి కంట్లో రక్తం చిమ్మిందట. అంచులు కూడా పోయాయి. పగలో రాత్రో మాత్రం తెలుస్తుందట.

అక్టోబరు 12

కొత్త చిప్. మొదటిసారికే అల పరుగెత్తింది.

వంకరగా ఉంది. గుండ్రం కాదు. ఒక గడికీ ఇంకో గడికీ పోలిక లేదు, కొన్ని చురుకు, కొన్ని మొద్దు. కింద ఎడమ మూల ఆలస్యం. అక్కడ ఒక గడి చచ్చిపోయింది. అల దాని దగ్గర చీలి, చుట్టూ తిరిగి, మళ్ళీ కలుస్తోంది. గెల్లేర్ట్ ఈల వేశాడు. మేలో ఆయనకి చూపించినది ఎవరో వృత్తలేఖినితో గీసినట్టు ఉంది.

అక్టోబరు 14

వెళ్ళి చెప్పేశాను. విల్మా నేని వంటింట్లో ఉండగా, గబగబా.

రెండో ఫ్రేమ్‌కే తెలిసింది అన్నారు. మరీ గుండ్రంగా ఉంది, నిజం చిప్ అంత బుద్ధిమంతురాలు కాదు, అన్నారు. ఈసారి అబద్ధం చెప్పేటప్పుడు కాస్త నాయిస్ కలుపు, అక్కడో వంకర, ఇక్కడో వంకర.

మరి ఆ రోజు ఎందుకు అనలేదని అడిగాను.

తెర వైపు తిన్నగా చూస్తే నాకు తెర కనిపించేది కాదు తల్లీ, అన్నారు. మధ్యంతా మచ్చే కదా. పక్కన నిలబడ్డ నువ్వు కనిపించావు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నావు. నేను చివరగా సరిగ్గా చూసింది అదే. దాన్ని పట్టుకుని అది అబద్ధమని ఎలా అనను.

విల్మాకి చెప్పకు, అని కూడా అన్నారు.

అక్టోబరు 15

ఫ్రేములన్నీ ప్రింట్ తీసుకుని వెళ్ళాను. ఆయన అరచేతిలో వేలితో ఒక్కొక్కటీ గీశాను. బొటనవేలి మొదట్లో చచ్చిన గడి. ఇరవయ్యో ఫ్రేమ్ దగ్గర ఏడుపు ఆగక, చూడకుండా, గుండ్రంగా గీసేశాను.

సిమ్యులేటర్, అన్నారు.

అరచేయి తుడిచి, ఎడమ మూల నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.