నడుమ ఆగని చేయి

మార్చి 6, గురువారం

మనవరాలు సౌమ్య ఏడ్చుకుంటూ వచ్చింది. హనుమకొండ కోచింగ్‌లో ప్రోగ్రామింగ్ టెస్ట్ రెండోసారీ ఫెయిల్. సోమవారం అదే లెక్కతో ఆఖరు టెస్ట్. అదీ పోతే బ్యాచ్‌లోంచి తీసేస్తారు, కంపెనీ ఇంటర్వ్యూకు పంపరు. మీ ఇంట్ల ఎవ్వరన్న నాలుగక్షరాలు చదివిండ్రా అని హరీష్ సార్ అందరి ముందు అడిగాడట.

కొత్తవాడ లైబ్రరీలో నేను చదవని బీరువా లేదు. చేనేత సొసైటీలో తోటి నేతగాడు రాజేశ్వర్ రావు నా జంపఖానా డిజైన్ తనదని చెప్పుకున్నప్పుడు కూడా ఇంత మండలేదు.

మార్చి 7

లెక్క ఇంతే. అర్రే అంటే అంకెల వరుస. దాన్ని తిరగెయ్యాలి. మొదటిది చివరికి, చివరిది మొదటికి. ఇంకో అర్రే వాడకూడదు. సౌమ్య ప్రోగ్రాం రన్ చేస్తే అంకెలు ఉన్నవి ఉన్నట్టే వస్తున్నాయి. ఎర్రర్ కూడా లేదు. తాతా, ఇది నన్ను ఎక్కిరిస్తాంది అన్నది.

నవ్వొచ్చింది. నవ్వలేదు.

మార్చి 8, ఉదయం 6

తొమ్మిది రంగుల నూలు కండెలు, ఎరుపు మొదట, నేల మీద వరుసగా పేర్చాను. ఎడమ కొస నుంచి కుడి కొస దాకా, ఒక్కొక్క కండెను దాని ఎదురు కండెతో మార్చుకుంటూ పోయాను. తలెత్తి చూస్తే ఎరుపు మళ్లీ మొదటే ఉంది.

మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

అదే రోజు, 6.40

నా భార్య సారలమ్మ చాయ్ తెచ్చి నిలబడ్డది. బడి మొహం చూడని మనిషి, ఈమెకేం తెలుస్తుందనుకున్నాను. జరసేపు చూసి, నడిమి కండె కాడ్నే నీ పని ఒడిసింది గదనయ్యా, అటెన్క మార్చినవన్ని మళ్ల ఎన్కకే మార్చుకుంటున్నవు, ఏం చదివినవో ఏమో అన్నది.

నిజమే. మగ్గం మీద పోగు మోసే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవలసిందే. నడుమ ఆగితే నేత చెడుతుంది. నలభై ఏళ్లు నాడె విసిరిన చేయి నాది. సౌమ్య కూడా నా పక్కన కూర్చుని నేర్చిన పిల్లే. దాని ప్రోగ్రాంలో ఒక్కొక్క అంకెను మార్చుకుంటూ పోయే లూప్ కూడా ఆ కొస దాకా పోతోంది.

సగం దగ్గర ఆపమన్నాను. వరుస తిరగబడింది. పిల్ల నానమ్మను పట్టుకుని గిరగిరా తిప్పింది. చాయ్ ఒలికింది. నన్నెవరూ తిప్పలేదు.

మార్చి 9

పదిసార్లు రాయించాను. తాతా ఇగ సాలు అని మొత్తుకున్నది. పదకొండోసారి రాయించాను.

మార్చి 10, సోమవారం, సాయంత్రం

పాసైంది. ఎవరు చెప్పిండ్రు అని హరీష్ సార్ అడిగితే, మా నానమ్మ సార్, బడికి పోలే అన్నదట. నా పేరు ఎత్తనే లేదు. ఎంత ద్రోహం.

గోడవైపు తిరిగి రాస్తున్నాను. నవ్వుతున్నానని సారలమ్మ చూడకూడదు.