తాళం పడిన సంఘం గది

అత్తయ్యకు,

ఫోన్ చేద్దామంటే మొహం చెల్లలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మన అగ్నిమాపక కార్మికుల సంఘం ఎలా పుట్టిందో కొత్తవాళ్ళకు చెప్పమని మిమ్మల్ని పిలిచింది నేనే. కార్యదర్శినీ నేనే. మామయ్యతో పనిచేసే జతగాణ్ణి పొగలో వదిలేసి అందరూ బయటికొచ్చేసిన రోజు గురించి మీరు మొదలుపెట్టారో లేదో, గంట మోగింది. ఎక్కడివాళ్ళం అక్కడ లేచి బండెక్కాం. చివర బయటికొచ్చినవాడు గదికి తాళం వెయ్యడం మా స్టేషన్ అలవాటు. ఆ చివరివాణ్ణి నేను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

తీరా వెళితే అక్కడ కాలుతున్నది చెత్తకుండీ! తిరిగొచ్చి తాళం తీస్తే మీరు కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు.

"మొదటి సమ్మె దాకా చెప్పేశానురా. కుర్చీలు బుద్ధిగా విన్నాయి" అన్నారు.

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపల ఒక్క మనిషిని కూడా వదిలి రాకూడదు, ముందు తలలు లెక్కపెట్టాలి అనే కదా మామయ్య సంఘం పెట్టిందీ, ఆ సమ్మె చేసిందీ! ఆ మాట ఆయన ఫొటో కిందే రాసుంది. రోజూ అక్కడే నిలబడి టీ తాగుతాను.

క్షమించమని అడగలేను. ఆదివారం వచ్చి మిగతాది చెప్పండి, చాలు. తాళం భయం పెట్టుకోకండి. ఆ గది తలుపు నిన్ననే ఊడబీకించాను.

మీ మేనల్లుడు