పుట్టి ఎక్కేవాడి చెప్పులు

కరుణక్కా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. నీ తర్వాత నీ మొగుణ్ని కట్టుకుని ఈ ఇంటికి వచ్చినదాన్ని, నేను రాస్తున్నాను. ఆయన వెదురు కోసం గుండ్రటి తోలు పడవ, పుట్టిలో కృష్ణ మీదుగా అడవికి వెళ్తున్నాడని, యుద్ధం అయ్యాక మాచర్ల అంగళ్లకు వచ్చిన సిపాయి బూట్లు ముచ్చటపడి తెచ్చాను.

"ఇయ్యేందే? నీళ్లు నిండితే కాలు లేస్తదా? మీ అక్కయితే మడమ కాడ తోలు పట్టీ ఉన్న చెప్పులు తెచ్చేది" అన్నాడు.

ఒళ్లు మండింది. అయినా మార్చి తెచ్చాను. తడి బండ మీద నేనే నడిచి, జారవని చూసి ఇచ్చాను.

ఈ ఉదయం అవి తొడుక్కుని రేవు బురదలో దిగాడు. చెప్పు ఊడలేదు. పుట్టి ఎక్కి నావైపు తిరిగి నవ్వాడు.

"చానా బాగున్నయ్, కరుణా!"

తాను పేరు మార్చి పిలిచానని ఆయనకు తెలియనే లేదు. నన్నెప్పుడూ అంత ప్రేమగా పిలవలేదక్కా. అందుకే పలికాను. ఆ పిలుపు మాత్రం నీకు తిరిగి ఇవ్వను.