ఎడమచేతి ముడి

హెయిన్స్ జంక్షన్,
ఆగస్టు 19.

విన్నీ అక్కకు,

చెల్లెలు ఎఫీ దణ్ణాలు పెట్టి రాసుకునేది. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప మేమంతా క్షేమం. నువ్వూ, ఆ వైట్‌హార్స్ బడి వంటింట్లో రోజూ నీ చేత తిట్లు తినే పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఏడేళ్ళ తర్వాత రాస్తున్నాను కదా, మర్యాదలన్నీ మొదట్లోనే అయిపోగొడుతున్నాను. తర్వాత ఉంటాయో ఉండవో చెప్పలేను. క్రిస్మస్‌కి ఫోన్లు చేసుకుంటూనే ఉన్నాం గానీ, మీకు మంచు పడిందా, మాకు పడింది అనుకుని పెట్టేస్తాం. దాన్ని మాట్లాడుకోవడం అంటారా చెప్పు?

ఈ ఉత్తరంతో పాటు నీకో పార్సిల్ వస్తుంది. పైన ఉన్నది ఎర్ర సాల్మన్ చేప, క్లుక్షులో మన అమ్మమ్మ పొగగుడిసెలోనే ఎండబెట్టాను. దాని కింద గుడ్డలో చుట్టిన వస్తువు ఇంకోటి ఉంది. ముందే విప్పేశావంటే నిన్ను ఆపేవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు, నీ ఇష్టం. కానీ ఇది చదివాక విప్పితే నాకు కాస్త ఉపకారం చేసినదానివవుతావు.

ఈ ఏడు నది మీద ఆఖరి ప్రయాణం ముగించుకుని మొన్ననే వచ్చాను. పదకొండు మంది అతిథులు, నాలుగు రబ్బరు రాఫ్టులు, పన్నెండు రోజులు. ముందు పడవ తెడ్లు నావే. నువ్వు నది వదిలేసిన రోజు నుంచీ నావే. అతిథుల్లో హడిల్‌స్టన్ అని పళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నాడు, ఉద్యోగం అయిపోయి ఊళ్ళు తిరుగుతున్నాడు. మంచి మనిషే గానీ, ప్రతి మలుపులోనూ ఎలుగుబంటి ఏదీ ఏదీ అని నా ప్రాణం తీశాడు. తీరా ఎనిమిదో రోజు గోధుమరంగుది ఒకటి ఒడ్డు మీద నిలబడి మమ్మల్నే చూస్తుంటే, ఆయన టోపీ ముఖం మీదకి లాక్కుని, వెళ్ళిపోయిందా అమ్మాయ్ అని అడిగాడు. నాకు యాభై రెండేళ్ళు, అమ్మాయట!

పదో రోజు సరస్సు మొగకి చేరాం. ఎక్కడో నీకు చెప్పాలా? ఆల్సెక్ సరస్సులోకి నది దిగే చోట, మంచుగడ్డలు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగే చోట, మనం ఎప్పుడూ ఆగే ఆ గులకరాళ్ళ మేట. పొద్దుటి నుంచీ జల్లు. వేళ్ళు కొంకర్లు పోయేంత చలి. అందరికీ ఎప్పుడెప్పుడు పొయ్యి వెలిగిద్దామా అనే ధ్యాస.

నేను మాత్రం పడవలన్నీ నీ రాయికే కట్టమన్నాను. గుడిసెంత ఉంటుందే, ఆ నల్లరాయి. గుడారాలు దానికంటే పైన వెయ్యమన్నాను. అంటే వంటపెట్టెలు, నీళ్ళ డబ్బాలు, మరుగుకి వాడే దొడ్డిపెట్టెతో సహా అన్నీ మోసుకుంటూ ఎక్కాలి. ఇక చూడు సణుగుడు! నీళ్ళు అంత కిందుంటే మమ్మల్నెందుకు చంపుతున్నావు అంటారు. చలికి నది కూడా ముడుచుకుని పడుకుందిగా అని హడిల్‌స్టన్ గారి జోకు ఒకటి. ఇవాళ ఇక్కడ చలేస్తే ఏం లాభం, మూడు రోజుల కిందట పైన మంచుకొండల మీద కాసిన ఎండ ఇంకా దారిలోనే ఉంది, కరిగిన నీళ్ళై రాత్రికి దిగుతుంది అన్నాను. అది నీ మాటే. నువ్వు ఎలా అనేదానివో అలాగే, నడుం మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాను.

రాత్రికి బేకన్ వేయించవా అని కూడా అడిగారు. ఇక్కడ వద్దు, మంచుకి ముక్కుంది, కొవ్వు మాడిన వాసన దానికి పడదు, మా అమ్మమ్మ చెప్పింది అన్నాను. నవ్వారు. నవ్వితే నవ్వారు, చేప ఉడకబెట్టి పెట్టాను, గిన్నె నాకేశారు.

పడుకునే ముందు నీటి అంచున పుల్ల గుచ్చాను. గంటలో పుల్ల లేదు. ఇంకోటి గుచ్చాను, అదీ పోయింది. తెల్లారేసరికి మేట సగం నీళ్ళలో ఉంది. ఒడ్డు విరిగి విరిగి పడుతోంది. పడవలు మాత్రం నీ రాయి దగ్గర బాతుపిల్లల్లా వరసగా ఊగుతున్నాయి. పదకొండు మందీ లెక్క సరిపోయారు. అక్కా, అప్పుడు నేను వెళ్ళి ఆ రాయికి ఆనుకుని కూర్చున్నాను. హమ్మయ్య అని ఎన్నిసార్లు అనుకున్నానో. సణిగినవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే వచ్చి కాఫీ కప్పు చేతిలో పెట్టి పోయారు. నాలుగు కప్పులయ్యాయి, వద్దనలేక తాగాను.

ఇక అసలు సంగతి. చుట్టూ తిప్పుతున్నానని నీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

పొద్దున్నే హడిల్‌స్టన్ గారు దొడ్డిపెట్టెకి బయలుదేరాడు. దారి మొదట్లో తెడ్డు ఉంటే పెట్టె ఖాళీ, లేకపోతే లోపల మనిషి ఉన్నట్టు, అది మన పద్ధతి కదా. తెడ్డు చంకన పెట్టుకుని దర్జాగా వెళ్ళినవాడు దబ్బున పడ్డాడు. ఏ ఎలుగో అనుకుని పరిగెత్తాం. కాదు, ఒడ్డు విరిగిన చోట కంకరలోంచి తాడు ఒకటి పైకొచ్చి ఆయన కాలికి తగులుకుంది. నీలం తెలుపు చారల తాడు. లాగాను, వస్తూనే ఉంది. ఒక కొసన చిరిగిన రబ్బరు ముక్కతో ఇనప రింగు. రెండో కొసన ఆల్డర్ పొద మొదలు, వేళ్ళతో సహా. దానికి ముడి. ఏడేళ్ళు బురదలో ఉన్నా ఊడని ముడి.

అది మన వంట పడవ తాడు అక్కా.

ఏడేళ్ళ కిందట అదే మేట మీద పొద్దున్న లేచి చూస్తే వంట పడవ లేదు. పద్నాలుగు మందికి ఓట్లు, టీపొడి తప్ప ఏమీ మిగల్లేదు. రాయికి తాడు లేదు. కాబట్టి విన్నీ కట్టలేదు అన్నారు. మూడో రోజు పడవ మంచుగడ్డల మధ్య చీలికలై దొరికింది, అందులో ఏ రింగు ఊడిందో ఎవరు చూస్తారు? ఊళ్ళో వాళ్ళు బేకన్ వల్ల అన్నారు. మన యజమాని డెల్మార్ నీ వల్ల అన్నాడు. ఎవరు కట్టారని అతను అందరి ముందూ అడిగితే, నేనే అన్నావు. నేను పక్కనే కెటిల్ పట్టుకుని నిలబడ్డాను. ఆ మరుసటి వారం నీ తెడ్లు నా చేతికిచ్చాడు.

నువ్వు కట్టావు. రాయికే కట్టావు, నేను చూశాను. విప్పింది నేను.

ఆ సాయంత్రం నేను బేకన్ వేయిస్తుంటే నువ్వొచ్చి పెనం తీసుకెళ్ళి నదిలో బోర్లించావు. అతిథులంతా చూస్తుండగా, నీకు బుద్ధెప్పుడొస్తుందే అన్నావు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు గుడారంలోకి వెళ్ళాక, పొద్దున్నే ఈవిడ రాయి దాకా పెట్టెలు మోసే ఖర్మ నాకేంటని వంట పడవని పొయ్యి దగ్గరికి లాక్కొచ్చి కింద ఆల్డర్ పొదకి కట్టేశాను. చలిగా ఉందిగా, నీళ్ళు లేవవులే అనుకున్నాను. నీ దగ్గర పదేళ్ళు నేర్చుకుని ఇవాళ్టి ఆకాశం చూసి లెక్కేశాను, సిగ్గుచేటు.

గుడ్డ విప్పి చూడు. ముడి తిరగేసి ఉంటుంది. ఎడమచేతి వాళ్ళు తప్ప అలా వెయ్యలేరు. నా ముడులు చూసినప్పుడల్లా, అద్దంలో చూసుకుని కట్టావా అని ఏడిపించేదానివి గుర్తుందా?

కంకరలోకి మళ్ళీ తొక్కేసినా ఎవరికీ తెలిసేది కాదు. ఒక్క క్షణం అనుకున్నాను కూడా, అబద్ధం ఎందుకు. కానీ ఆ డాక్టరు మోకాలు రుద్దుకుంటూ, ఎవరు కట్టారో గానీ భలే కట్టారమ్మాయ్ అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. పాపం తనవల్లే ఏదో అయిందనుకుని ఆయన చాక్లెట్ ఇచ్చాడు.

దిగగానే తిన్నగా డెల్మార్ దగ్గరికి వెళ్ళి తాడు బల్ల మీద పడేసి అంతా చెప్పాను. ఇంటి కప్పు ఎగిరేలా అరిచాడు. వచ్చే ఏడు నువ్వు వంట పడవే తోలు, పో అన్నాడు. తోలుతాను. ముందు పడవ విన్నీదే, వస్తానంటే తెడ్లు ఆమెవే, రానంటే ఆ నది మీదకి ఇంకెవర్నీ పంపను, పడవలన్నీ అమ్మేస్తాను అని కూడా అన్నాడు. నిజంగానే అన్నాడు.

క్షమించమని అడగడానికి కూడా నోరు రావట్లేదు గానీ అడుగుతున్నాను. తిట్టు, వచ్చి తిట్టు. ఏడేళ్ళలో నిన్న మొదటిసారి పొద్దెక్కేదాకా నిద్రపోయాను అక్కా. అది నీతో చెప్పుకోవాలనిపించింది.

నీ చెల్లెలు,
ఎఫీ

•

వైట్‌హార్స్,
సెప్టెంబరు 2.

ఒసేయ్ ఎఫీ,

ఆశీర్వాదాలు. నేను బాగానే ఉన్నాను. బడి పిల్లలూ బాగున్నారు, నా తిట్లు తినబట్టే బాగున్నారు. చేప అందింది. ఉప్పు ఎక్కువేశావు. అయినా రెండు రోజుల్లో అయిపోయింది.

గుడ్డ ముందే విప్పాను, నీ ఉత్తరం తర్వాత చదివాను. ఊహించావుగా, ఇంకెందుకు అడగడం.

ఎవరైనా చదువుతూ ఏడుస్తారు, నేను మాత్రం ఆ పళ్ళ డాక్టరు తెడ్డుతో సహా పడ్డాడన్న చోట నవ్వాను. ఎంత నవ్వానంటే పక్కింటావిడ తలుపు కొట్టింది. నవ్వి చాలా కాలమైంది, పక్కటెముకలు నొప్పెట్టాయి. ఆ తర్వాత ఏడ్చాను కూడా, అది వేరే సంగతి.

డెల్మార్ ఫోన్ చేశాడు. అరగంట దగ్గాడు గానీ క్షమాపణ ఆ దగ్గులోంచి బయటికి రాలేదు. చివరికి, రాయి నీకోసం చూస్తోంది విన్నీ అన్నాడు. రాయి ఎక్కడికి పోతుందయ్యా అన్నాను. మే నెలాఖరుకి బడి వదిలిపెట్టి వస్తున్నాను. అరవై ఏళ్ళ భుజాలివి, ఎంత లాగుతాయో చూడాలి. నువ్వు వంట పడవ తోలుతావు, నేను చెప్పిన చోట కడతావు, సరస్సు దగ్గర బేకన్ పేరెత్తావంటే ఈసారి పెనంతో పాటు నిన్నూ బోర్లిస్తాను.

క్షమించడం గురించి అడిగావు. ఇంతటితో ఆపుతున్నాను.

మీ అక్క,
విన్నీ

తా.క. సంతకం పెట్టేశాను గానీ ఆపలేకపోతున్నాను, అందుకే మళ్ళీ రాస్తున్నాను. ఆ రాత్రి నేను దొడ్డిపెట్టెకని లేచాను. పదకొండైనా ఇంకా వెలుతురుగానే ఉంది. దారి మొదట్లో తెడ్డు లేదు, లోపల ఎవరో ఉన్నారు. ఉంటే నా దారిన నేను వెళ్ళిపోయేదాన్ని, లేదు కాబట్టి అక్కడే నిలబడ్డాను. నిలబడి చూస్తే వంట పడవ ఆల్డర్ దగ్గరుంది. వెళ్ళి ముడి చూశాను. తిరగేసిన ముడి. సాయంత్రం నేను నీటి అంచున గుచ్చిన పుల్ల అప్పటికే సగం మునిగింది. విప్పి రాయికి కట్టడానికి రెండు నిమిషాలు చాలు, తాడు మీద చెయ్యి కూడా వేశాను. కానీ నువ్వు నా మాట కాదని బేకన్ వేయించావు కదా, ఆ కోపం ఇంకా తగ్గలేదు. పొద్దున్నే పెట్టెలన్నీ తడిసి ముద్దవుతాయి, అప్పుడు దీని ముఖం చూసి నవ్వుతాను అనుకున్నాను. చెయ్యి తీసేసి వెళ్ళి పడుకున్నాను. నేనే అని డెల్మార్‌తో అన్నది నిన్ను కాపాడటానికి కాదే పిచ్చిదానా, అది నిజం, పడవ పోయింది నా వల్లే. ఏడేళ్ళు ఫోన్‌లో మంచు గురించి మాట్లాడింది, నువ్వెక్కడ అడుగుతావోనని. తాడు నా దగ్గరే ఉంది. ముడి విప్పలేదు, నువ్వు వచ్చాక ఇద్దరం కలిసి విప్పుదాం.