పై గ్యాలరీ తీర్పు

మిలాన్

ప్రియమైన నాన్నా,

మన పార్మా ఒపేరా వాళ్ళు నన్ను పిలిచారు. ప్రధాన పాత్ర. ఈ కబురు చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తవేం?

ఒక్కటే కోరిక. పేరున్న గాయకులనే బాగాలేదని ఈలలు వేసి తిప్పి పంపిన పై గ్యాలరీ ప్రేక్షకులకు పెద్దదిక్కువి నువ్వు. నేను తప్పు పాడితే మొదటి ఈల నీదే కావాలి. కాకిపిల్ల కాకికి ముద్దని ఊరు నవ్వకూడదు. నువ్వు బాగుందంటేనే నేను గాయనిని.

నీ ఓర్నెల్లా

పార్మా

చిట్టితల్లీ,

ఫోన్లు నాకు పడవు, ఉత్తరమే రాయి. మంగలి షాపులోనూ నీ ఊసే. మాంసం కొట్టు బ్రూనో అయితే నా మొహం మీదే అరిచాడు: "మీ అమ్మాయని మేం మొహమాటపడం, తనకి ముందే చెప్పేయ్."

జున్ను గిడ్డంగిలో పని మానేశాను. మోకాళ్ళ నొప్పులు. జున్ను దిమ్మెలను తట్టి, చప్పుడును బట్టి లోపలి పగుళ్ళు కనిపెట్టే నా సుత్తి ఇప్పుడు నా తోటి పనివాడు గ్వాల్తియెరో చేతిలో ఉంది. గ్యాలరీలో మాత్రం ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం.

తప్పు వింటే ఈల వేస్తాను. మాట ఇస్తున్నాను.

ఆశీస్సులతో, నాన్న

మిలాన్

నాన్నా,

మూడో అంకంలో నా గొంతు జారి అపస్వరం పలికింది. వాద్యాల వాళ్ళు కూడా తలలెత్తి చూశారు. ఈల కోసం నిలబడ్డాను. పైనుంచి ఒక్క జత చేతుల చప్పట్లు వినిపించాయి. అవి నీవని నాకు తెలియదా? తర్వాత అందరూ కొట్టారు.

పత్రికలు ఘనవిజయం అన్నాయి. చదివి మడిచిపెట్టాను. కోపం లేదు, ఏడుపు రావడం లేదు, తింటే రుచి తెలియడం లేదు. నాకు నిజం చెప్పే మనిషి ఒక్కడుండేవాడు. ఇప్పుడు లేడు.

ఓర్నెల్లా

పార్మా

బంగారుతల్లీ,

నేను నిన్ను వెనకేసుకు రాలేదు. రెండేళ్ళుగా నాకు పాట వినబడదు. దగ్గరగా అరిస్తే మాట తెలుస్తుంది, అంతే. సుత్తి వదిలింది మోకాళ్ళ వల్ల కాదు. గ్యాలరీ వదల్లేక, పక్కవాళ్ళ మొహాలు చూసి చప్పట్లు కొట్టేవాణ్ణి, మొహాలు చూసే ఈల వేసేవాణ్ణి.

ఆ రోజు నీ నోరు మూతపడగానే అందరూ నావైపు తిరిగారు. నువ్వు గెలిచావని నాకు చెబుతున్నారనుకున్నాను. లేచి చప్పట్లు కొట్టాను.

నిన్న గ్వాల్తియెరోకి చెప్పేశాను. నా చెవి దగ్గరికి వంగి అరిచాడు: "ముసలోడా, మేమంతా నీ మొహం చూసేగా ఈల వెయ్యకుండా ఊరుకున్నాం."

సిగ్గుపడాలి. ఏమీ అనిపించడం లేదు, చెవుల్లాగే లోపల కూడా మూసుకుపోయింది.

ఆదివారం మళ్ళీ పాడుతున్నావుగా. నేను రాను. నా మొహం అక్కడుండదు కాబట్టి ఈల పడినా, చప్పట్లు పడినా అది నీదే. ఏది పడిందో రాయి. నువ్వు రాసిందే నేను విన్నట్టు.

నాన్న