బాపు జేబులో వాము పొట్లం

చంద్రపూర్, శుక్రవారం

ఈ రోజు బాపు ఎంత ముద్దొచ్చాడో, అంత కోపమూ తెప్పించాడు.

గడ్‌చాందూర్‌లో మా కిరాణా దుకాణానికి తెలిసిన రైతొకాయన వచ్చి, ఛాతీలో గ్యాస్ పట్టేసింది, వాము ఇమ్మన్నాడట. మా వైపు ఛాతీ నొప్పికి ముందు వాము నమలడమే అలవాటు. ఆయనకు పట్టిన చెమటలు చూసి బాపు ఇవ్వలేదు. బజారు రోజని కూడా చూడకుండా షట్టర్ దించేసి, ఆయన్ను జీపులో నేరుగా మా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తెచ్చాడు.

"చెమటలు పడితే గ్యాస్ అనుకోవద్దని నువ్వే చెప్పినవ్ గద, డాక్టర్‌బాయీ!" అన్నాడు, కూతుర్ని మరాఠీ పద్ధతిలో పిలుస్తూ గర్వంగా.

గుండెపోటే. సమయానికి వచ్చాడు కాబట్టి బతికాడు. ఇన్నేళ్లు నేను మొత్తుకున్నది ఒక్కరైనా విన్నారు, అదీ మా బాపు!

అంతలో బాపు నీళ్ల సీసా కోసం వంగితే, చొక్కా జేబులోంచి వాము పొట్లం జారిపడింది.

"ఇది ఎవరిది బాపూ?"

"నాదే బిడ్డా. నాకైతే ఉత్త గ్యాసే."

"ఎప్పటి సంది?"

పొట్లం మళ్లీ జేబులో పెట్టుకోబోయాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఈసీజీ తీయించాను. బాగానే ఉంది. అయినా మిగతా పరీక్షలు అయ్యేదాకా ఊరికి పంపను.

పక్క గదిలో గురక పెడుతున్నాడు. అది ఆగినప్పుడల్లా పెన్ను ఆపి వింటున్నాను.